మంచం సైకిలు

ఆ వీధివాళ్ళు దాన్ని మంచం సైకిలు అనేవారు. పడుకుని తొక్కే బండికి అంతకన్నా మంచి పేరు ఎవరు మాత్రం పెట్టగలరు? వెనక్కి వాలిన సీటు, ముందుకు చాపిన కాళ్ళు, ఆ కాళ్ళ మధ్య నుంచి పొడుచుకొచ్చిన గొట్టం, గొట్టం చివర పెడళ్ళు. దాన్ని తొక్కినాయన పోయి ఆరు నెలలైంది. ఆఫీసు మెట్ల మీద గుండె ఆగింది, పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇప్పుడు ఆయన భార్య అదే బండి మీద సముద్రం దాకా, వెయ్యి కిలోమీటర్లు, ఒంటరిగా వెళ్తానని పట్టుబట్టి కూర్చుంది.

ఆమె కట్టుడు పళ్ళు చేస్తుంది. వీధిలో అందరూ పళ్ళ డాక్టరమ్మ అంటారు గానీ డాక్టరేం కాదు. ఆస్పత్రుల నుంచి అచ్చులు వస్తాయి, వాటికి సరిపడా పళ్ళు అరగదీసి పంపుతుంది. భర్త పోయిన వారానికే మళ్ళీ ఆకురాయి పట్టుకుంది. కంట ఒక్క చుక్క రాలలేదు. గుండె రాయి చేసుకుందన్నారు చుట్టాలు. రాయైతే బరువైనా తెలియాలి కదా, ఆమెకి ఏమీ తెలియడం లేదు. ఆకలేస్తే తింటోంది, నిద్రొస్తే పడుకుంటోంది. ఎవరైనా పలకరిస్తే, వాళ్ళ మాటలు పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టుంటాయి.

ఆదివారం పొద్దున్నే మరిది పనిముట్ల పెట్టెతో వచ్చాడు. లేతు మిషను మీద పని. ఈ బండిని అన్న కొలతలకి తన చేత్తో కట్టింది అతనే. నోట్లో నాలుక లేని మనిషి. వదినని గోడకి ఆనించి నేల మీద కూర్చోబెట్టి, కాళ్ళు చాపమని, గోడ నుంచి మడమ దాకా టేపు పెట్టాడు. ఒకసారికి రెండుసార్లు కొలిచాడు.

"నీ కాళ్ళు మూడంగుళాలు తక్కువ. గొట్టం ఎంత లోపలికి తోసినా చాలదు వదినా, కొయ్యాల్సిందే."

"కొయ్యి."

"కోస్తే ఇక అన్నంత పొడుగువాళ్ళెవరూ తొక్కలేరు."

"ఇంకెవరు తొక్కుతారు?"

అతనూ అన్నంత పొడుగే. ఆ మాట ఆమెకి తట్టలేదు, అతను చెప్పనూ లేదు. గొట్టం ఊడదీసి, కదలకుండా ఇనప పట్టులో బిగించాడు.

"అసలెందుకు వదినా ఇదంతా? నీ సైకిలు నీకుందిగా."

పదకొండేళ్ళు ఇద్దరూ ఊళ్ళు తిరిగారు. ఎప్పుడూ ముందు ఈ బండి మీద ఆయన, వెనక మామూలు సైకిలు మీద ఆమె. పడుకున్న మనిషి మెడ తిప్పలేడని ఆమెకి తెలుసు. తెలిసినా కడుపుమంట కడుపుమంటే.

"ఒక్కసారి వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు మీ అన్న. వెనక మనిషి వస్తోందో, ఏ గోతిలో పడిందో ఆయనకి పట్టేది కాదు. అంతలా చూడ్డానికి ముందు ఏముందో నేనూ చూడాలి."

ఆ మాటలు కూడా కూరల చీటీ చదివినట్టే చెప్పింది. మరిది తల దించుకుని రంపం అందుకున్నాడు. "ఇలా ఇవ్వు," అని ఆమే లాక్కుంది. పళ్ళు కోసే చెయ్యి, గీత మీద నుంచి వెంట్రుకవాసి జరగలేదు. ముక్క కింద పడింది. కోసిన అంచు ఆకురాయితో నున్నగా చేసింది.

మరిది గొట్టం బిగించి, ఎక్కువైన చైను లంకెలు తీసేశాడు. ఆమె సామాను సర్దింది. సామాను విషయంలో ఆయనంత పీనాసి భూమ్మీద పుట్టి ఉండడు. మనిషికి ఏడు కిలోలు దాటకూడదు. పళ్ళు తోముకునే బ్రష్షుల పిడులు సగానికి కోశాడు, చొక్కాల మెడ పట్టీలు కత్తిరించాడు, ఇద్దరికీ కలిపి ఒకటే చెంచా అన్నాడు. ఆమె తూచింది. తొమ్మిది కిలోలు వచ్చింది. ఒకరు తగ్గితే బరువు సగమవుతుందనుకుంది. తీరా చూస్తే డేరా ఒక్కరికైనా అదే డేరా. అప్పట్లో గుడ్డ ఆయన సంచిలో, కర్రలు ఈమె సంచిలో ఉండేవి. దుప్పటి తీసి పక్కన పెట్టి, మళ్ళీ తూచింది.

సంచులు సీటు వెనక కట్టి, రెండు పక్కలా సమంగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఐదారడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది. మరిది హ్యాండిలు దగ్గర చేతులు తుడుచుకుంటున్నాడు.

"వెనక చూసే అద్దం కూడా సరిచేశా వదినా. పొద్దున గొట్టం ఊడదీసే ముందు కూర్చుని చూశాను. అన్న దాన్ని పిచ్చిగా పైకెత్తి పెట్టుకున్నాడు. ఒక్క లారీ కనపడితే ఒట్టు. రోడ్డే లేదు దాంట్లో. ఇంత లెక్కల మనిషి ఇదెలా వదిలేశాడో!"

"ఎంత పైకి?"

లేతు పనివాడు కదా, ఉజ్జాయింపు చెప్పడం చేతకాదు. సీట్లో వాలి ఒకసారి గుర్తు చేసుకున్నాడు. లేచి బండి వెనక్కి నడిచాడు, ఆమె నిలబడిన చోటికి. "ఇదిగో, ఇక్కడికి," అని గాల్లో చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి సరిగ్గా ఆమె మొహం ముందు ఆగింది.

అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. చెయ్యి దించేశాడు.

"మళ్ళీ అలాగే పెట్టనా వదినా?" అద్దం వైపు చూశాడు. "నాకు గుర్తుంది. పెట్టగలను."

ఆమెకి అరికాళ్ళ నుంచి ఏదో పైకి ఎగదన్నుకొస్తోంది. నొప్పి. ఆరు నెలల్లో మొదటిసారి, ఇది నొప్పి అని తెలిసింది.

"వద్దు," అంది. "లారీలు కనపడాలిగా."

తర్వాత, లోపలికెళ్ళి మంచినీళ్ళు పట్టుకురమ్మంది. మంచివాడు, చాలాసేపటి దాకా రాలేదు.