ఒకటో నంబరు కరెంటు పెట్టె

ఇరవై ఆరో నంబరు పెట్టె మూత ఎత్తి, ఆర్లెట్టా కుడిచేతి వెనకవైపును ప్లగ్గుకు ఆనించింది. వెచ్చగా ఉంది గానీ కాలడం లేదు. అరచేతితో ముట్టుకుంటే, షాకు కొట్టినప్పుడు వేళ్లు ముడుచుకుని దాన్నే పట్టుకుంటాయి. వెనకవైపైతే చెయ్యి దానంతటదే విడిపోతుంది. ఆమె భర్త రాయ్ నేర్పిన పని అది. రాయ్ పోయి తొమ్మిదేళ్లయింది. ఆ చేతి చర్మం ఇప్పుడు మచ్చలు పడి ఉల్లిపొరలా పలచబడింది.

మూత వేసి ఇరవై ఏడుకు నడిచింది. ట్రైలర్లు, అంటే చక్రాల ఇళ్లు, అద్దెకు నిలుపుకునే పార్కు అది. నలభై స్థలాలు, నలభై పెట్టెలు, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. కాన్సస్‌లో జూలై నెల, నూట ఆరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. ట్రైలర్ల మీద ఏసీలన్నీ ఒక్కసారే హోరెత్తుతున్నాయి. చీలమండలు వాచిపోవడంతో బూట్ల తాళ్లు కట్టుకోవడం మానేసింది. మధ్యాహ్నం పూట ఏసీ వదిలి బయటికి రావద్దని గుండె డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆయనకేం, ఎన్నైనా చెబుతాడు.

ఈ పనికి జీతం లేదు. బదులుగా ఒకటో నంబరు స్థలం, దాని కరెంటు, నీళ్లు ఆమెవి. ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషికి చివరికి మిగిలిన ఇల్లు, ఆ స్థలంలో నిలిపిన పాత ట్రైలరే.

గేటు దగ్గర కొత్త బోర్డు: వాహనాలకు చార్జింగ్ ఇవ్వబడదు. జూన్‌లో ఎవరో రాత్రంతా కారు తగిలించి పన్నెండో పెట్టెను కాల్చేశారు. ఆ బోర్డు కొడుతూ యజమాని డ్వేన్ అన్నాడు: "ముసలమ్మా, ఇంకో పెట్టె కాలిందంటే నీ సామాను రోడ్డు మీద పెడతా. నవ్వకు, నిజంగానే చెబుతున్నా." ఆమె నవ్వలేదు. అతను మాట మీద నిలబడే రకమని ఆమెకు తెలుసు.

నాలుగింటికి బ్యాటరీతో నడిచే కరెంటు ట్రక్కు ఒకటి చప్పుడు లేకుండా వచ్చి గేటు ముందు ఆగింది. వెనక కొత్త ట్రైలరు. దిగిన ముసలాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పేరు గార్లండ్. పక్క సీట్లో ఉన్నది అతని భార్య వెర్నా.

"బోర్డు చూశానమ్మా. చూసే అడుగుతున్నా. ఇంకో ఇరవై మైళ్లు పోతుందేమో బండి, అంతే."

"అయితే బోర్డు చదవడం వచ్చునన్నమాట," అంది ఆర్లెట్టా. "హైవే మీద చార్జింగ్ ఉందిగా."

"అది పాడైంది. ఆ తర్వాతది డెబ్భై మైళ్లు. మామూలుగా అయితే చాలేది. ట్రైలరు లాగుతుంటే సగానికి సగం తాగేస్తోంది. లెక్క తప్పాను."

"ట్రైలరు ఇక్కడ వదిలి, ఎవరినైనా బండి అడిగి పోండి."

వెర్నా అద్దం దించింది. "ట్రైలరు లేకుండా పోయి లాభం లేదక్కా. మనవరాలు పిల్లల సంక్షేమ శాఖ వాళ్ల దగ్గరుంది. ఆరేళ్లది. మా ఇంట్లో దానికి వేరే గది లేదన్నారు. ఇదే దాని గది. రేపు తొమ్మిదింటికి ఆఫీసు ముందు నిలబెట్టి చూపించాలి. రాకపోతే పిల్లను వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. ఇంకా నూట పది మైళ్లుంది."

ఆర్లెట్టా ట్రైలరు తలుపు తీయించి చూసింది. చిన్న మంచం, గోడకు అంటించిన కాగితపు చుక్కలు, మంచం మీద మడత విప్పని ఊదారంగు దుప్పటి. దాని మీద గుర్రాలు.

ఆమె బస్సులో ఒకప్పుడు లూఅన్ అనే పిల్ల ఉండేది. ఒక సాయంత్రం ఇంటి దగ్గర దించబోతే తలుపు తీసేవాళ్లు లేరు. ఇంజను ఆపకుండా గంటన్నర కూర్చున్నారు ఇద్దరూ. ఎవరూ రాలేదు. చివరికి షెరీఫు ఆఫీసు పోలీసు వచ్చి తీసుకుపోయాడు. ఆ పిల్ల ఏడవలేదు. అదే ఆర్లెట్టాను ఇన్నేళ్లూ తినేసింది.

"ఒకటో నంబరుకు రండి," అంది. "అది నాది."

పెట్టెలో పెద్ద సాకెట్టుకు ట్రక్కు, చిన్నదానికి ఆమె ట్రైలరు. పది నిమిషాలకు స్విచ్చి పడిపోయి మొత్తం కరెంటు పోయింది. స్విచ్చి ఎత్తింది, మళ్లీ పడిపోయింది. పాత లైను, రెండింటినీ మోయలేదు. గార్లండ్ ముఖం పాలిపోయింది.

ఆర్లెట్టా తన ప్లగ్గు పీకేసింది. లోపల ఏసీ మూలిగి ఆగిపోయింది.

"మరి మీకో?" అన్నాడు గార్లండ్.

"నా ఏసీ పేరుకే ఉంది. రాత్రుళ్లు నేను కుర్చీలోనే పడుకుంటా, బయట. మీరు పోయి నడుం వాల్చండి. పొద్దున్నే ఐదింటికి లేవాలి. ఈలోపు ఇది వేడెక్కకుండా నేను చూసుకుంటా."

మాటలో ఎక్కడా తడబాటు లేదు. అబద్ధమాడి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

కుర్చీ తెచ్చి పెట్టె పక్కనే వేసుకుంది. అరగంటకోసారి వంగి చేతి వెనకవైపు ఆనించింది. వెచ్చన. మళ్లీ వెచ్చన. ట్రైలరు లోపల పొయ్యిలా ఉంది; ఒకసారి నీళ్ల కోసం వెళ్లి, గోడ పట్టుకుని బయటపడింది. పొద్దు గూకినా గాలి చల్లబడలేదు. ఛాతీలో ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టుంది. మందు లోపలుంది. లేవాలనుకుంది. ముందు ప్లగ్గు చూద్దామని వంగింది. వేడి పెరగలేదు. డ్వేన్‌కు కోపం రావలసిన పని లేదు, పిల్లకు గది దొరుకుతుంది అనుకుని వెనక్కి వాలింది. చీకటి పడుతుండగా ఆమె ఊపిరి ఆగిపోయింది. చెయ్యి ఒడిలో వెనకవైపు పైకి తిరిగి ఉంది.

ఐదింటికి గార్లండ్ చూసేసరికి బండి నిండింది. పెట్టె చెక్కుచెదరలేదు. వెర్నా డబ్బాలో మొక్కజొన్న రొట్టె పెట్టి తెచ్చి కుర్చీ పక్కన దింపింది.

"రాత్రంతా మేలుకున్నట్టుంది. ఇప్పుడే కన్ను మూతపడి ఉంటుంది, లేపకు," అన్నాడు గార్లండ్ గుసగుసగా.

వెర్నా ఆ చేతిని మెల్లగా తాకింది. "చల్లబడిపోయింది పాపం. ఈ తెల్లవారుగాలికి." తమ ట్రైలరులోకి పోయి గుర్రాల దుప్పటి తెచ్చి మెడదాకా కప్పింది. "దానికి ఇంకోటి కొందాంలే."

ట్రక్కు వచ్చినట్టే చప్పుడు లేకుండా పోయింది. వాళ్లు తొమ్మిదికి ముందే చేరతారు. ఆర్లెట్టా సంగతి వాళ్లకెవరూ చెప్పరు, చెప్పడానికి వాళ్ల ఊరు పేరు కూడా ఇక్కడెవరికీ తెలియదు.

ఎనిమిదింటికి డ్వేన్ వచ్చాడు. కంకర మీద పెద్ద టైర్ల గుర్తులు, పెద్ద సాకెట్టు మూత తెరిచి ఉంది, పీకేసిన చిన్న ప్లగ్గు నేల మీద పడి ఉంది. "ఎవడికిచ్చావు? నీకెన్నిసార్లు చెప్పాలి ముసలమ్మా," అంటూనే వచ్చాడు. పెట్టెలోకి వంగి చూశాడు. ఎక్కడా కాలలేదు. "సరే, కాలలేదులే. లే." ఆమె కదలలేదు. "ఆర్లెట్టా," అన్నాడు, ఈసారి మెల్లగా. భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, తలమీది టోపీ తీశాడు.

ఎండ అప్పుడే కుర్చీ మీదికి వచ్చింది. ఊదారంగు దుప్పటి మీద గుర్రాలు వరసగా పరిగెడుతున్నాయి, ఒక మూల దుకాణం వాళ్ల చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.