అమ్మవారున్న ఇంట్లో సూది

మా మహేష్‌కి సుగర్ ఉందని తెలిసినప్పుడు వాడు తొమ్మిదో తరగతి. అప్పటి నుంచి వాడి పెళ్ళయ్యే దాకా పొద్దునా సాయంత్రం పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని ఇన్సులిన్ సూది వేసింది నేనే. కోడలు జ్యోతిర్మయి వచ్చాక ఆ పని ఆ పిల్ల చేతికి ఇచ్చాను గాని, వేస్తున్నంత సేపూ గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఇదెందుకు చెప్తున్నానంటే, నాకు సూదంటే భయం లేదు. ఆ సంగతి ముందే తెలిసుండాలి.

వాడి పూర్తి పేరు ఉమామహేష్. కూర్మన్నపాలెంలో ఉంటాం. నేను, వాడు, జ్యోతిర్మయి, నాలుగేళ్ళ మనవరాలు ధనశ్రీ. వాడు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు మీద క్రేన్ నడుపుతాడు. షెడ్డు కప్పు కింద అంత ఎత్తున చిన్న గదిలో కూర్చుని, కింద ఖలాసీ చేత్తో చేసే సైగలు చూసి ఇనప కడ్డీల కట్టలు ఎత్తి దించాలి. పనంతా కళ్ళతోనే. ఏడాదికోసారి కళ్ళు పరీక్ష చేసి సరే అంటేనే మళ్ళీ పైకి ఎక్కనిస్తారు. ఈసారి పరీక్షలో కంటి లోపల ఏదో ఉందన్నారు, సిటీలో కంటి ఆసుపత్రికి వెళ్ళమన్నారు.

పోయింది, అనుకున్నాను ఆ రోజే. నాకు ఏదైనా ముందు చివరే కనిపిస్తుంది. వాడి బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే బస్సు కింద పడ్డాడనుకుంటాను. వాడు నవ్వుతాడు. "మాయమ్మకి ఫోను మోగితే సాలు. ముందు ఏడిసేసి, తర్వాత హలో అంటాది."

డాక్టరమ్మ పేరు గౌరీశ్వరి. నిదానంగా చెప్పే మనిషి. కంప్యూటర్లో వాడి కన్ను లోపలి బొమ్మ చూపించింది. ఎర్రటి నేల మీద పిచ్చి తీగలు అల్లుకున్నట్టుంది.

"సుగర్ వల్ల కంటి వెనక తెర మీద కొత్త రక్తనాళాలు పుడుతున్నాయమ్మా. బలం లేనివి. చిట్లితే లోపలంతా రక్తం నిండిపోతుంది. ఎడమ కంట్లో ఎక్కువ, కుడి కంట్లో ఇప్పుడే మొదలు. దీనికి లేజర్ ఉంది, ఇంజెక్షన్ ఉంది. లేజర్ అంటే తెర అంచుల్లో వెలుగుతో చిన్న చిన్న చుక్కలుగా కాలుస్తాం. రెండు మూడు సార్లకి అయిపోతుంది. కాకపోతే పక్క చూపు, చీకట్లో చూపు కొంత తగ్గొచ్చు. ఇంజెక్షన్ అయితే అవి తగ్గవు. కానీ దాని మందు పని చేసేది కొన్నాళ్ళే. మొదట్లో నెల నెలా రావాలి. ఆలోచించుకుని చెప్పండి."

కాలుస్తాం అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

క్రేన్ ఎక్కకముందు మహేష్ ఆటోనగర్లో ఒక షెడ్డులో పని చేశాడు. కేరేజీ పట్టుకెళ్ళినప్పుడు చూశాను. వేలెడు మందం ఇనప ప్లేటు మీద నీలంగా చిన్న వెలుగు నడుచుకుంటూ పోయింది. వెనకాల ప్లేటు రెండు ముక్కలైంది. అదేటని అడిగితే లేజరన్నారు.

బయట బెంచీ మీద వాడి చెయ్యి పట్టుకుని అడిగాను. "ఒరే, ప్లేటు కోసేది అదే గదరా?"

"పేరొకటేనే అమ్మా. అది వేరు, ఇది వేరు."

"ఏటి వేరు? కాలుత్తామని ఆవిడే సెప్పినాది గదా!"

మా పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. హార్బరు దగ్గర చేపల వేటకెళ్ళే మనిషట, పేరు దాలయ్య. ఆయన అడక్కుండానే అందుకున్నాడు. "నాను ఏయించుకున్నానమ్మా లేజరు, అయిదేళ్ళయినాది. ఎదరున్న సేప కనపడతాది. పక్క నుంచొచ్చే ఆటో కనపడదు. రాత్రి ఏటకి ఎల్లడం మానీసినాను. మా ఆవిడ పక్కన నిలబడి తిట్టినా ఎవులు తిడతన్నారో తెలీదు, అదొక్కటే సుకం."

మహేష్ పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. ముసలాయన నవ్వు ఆపి, "అయినా ఇప్పటికీ సూత్తన్నాను గదమ్మా" అన్నాడు. ఆ మాట నేను పట్టించుకోలేదు. పక్కనొచ్చే ఆటో కనపడనోడికి క్రేన్ కింద నిలబడ్డ ఖలాసీ ఏం కనపడతాడు? ఎవరి నెత్తి మీదో కడ్డీలు దించేస్తాడు, జైల్లో పెడతారు. అక్కడి దాకా వెళ్ళిపోయింది నా మనసు.

మహేష్ కూడా క్రేన్ కోసం ఇంజెక్షన్ వైపే మొగ్గాడు. లోపలికెళ్ళి చెప్పాం. గౌరీశ్వరి గారు పెన్ను పక్కన పెట్టి వాడి వైపు చూసింది.

"మంచిదే. కానీ ఒక్క మాట. లేజర్ చేయించుకుని రాకపోయిన వాళ్ళ కంటే, ఇంజెక్షన్ మొదలెట్టి మధ్యలో మానేసిన వాళ్ళ కళ్ళే ఎక్కువ పాడవుతాయి. తప్పకుండా రాగలరా?"

వాడు నోరు తెరిచే లోపల నేనే అన్నాను. "వత్తాడమ్మా. నాను తీసుకొత్తాను. నాను బతికుండగా ఒక్కటీ తప్పదు."

ఫోను నంబరు అడిగితే నాదే ఇచ్చాం. క్రేన్ గదిలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు.

మూడు నెలలు తప్పలేదు. కంట్లో చుక్కలేసి, తెల్ల గుడ్డులోకి సన్నటి సూది దించుతారు. నేను బయట గోడకి వీపు ఆనించి నిలబడేదాన్ని. మూడోసారి డాక్టరమ్మ పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూపించింది. తీగలు వాడిపోయాయి. "చాలా బాగుంది. ఇక్కడ ఆపకండి" అంది. వాడు బస్సులో దూరం నుంచే షాపుల బోర్డులు చదువుతూ వచ్చాడు, నన్ను ఏడిపించడానికి.

నాలుగోది గురువారం. సోమవారం పొద్దున్న ధనశ్రీకి నీళ్ళు పోస్తుంటే వీపు మీద నాలుగు నీటి పొక్కులు కనిపించాయి. మధ్యాహ్నానికి ముఖం నిండా వచ్చాయి. అమ్మవారు పోసింది.

గుమ్మానికి వేపమండలు కట్టాను. పోపు మానేశాను. ఎవర్నీ లోపలికి రానివ్వలేదు, తల దువ్వుకోలేదు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ సూది మందులు తగలకూడదని మా ఊళ్ళో కట్టడి. మహేష్‌కి ఇన్సులిన్ తప్పదు. అందుకని రోజూ పసుపు నీళ్ళు చల్లి, తప్పు కాయి తల్లీ అని చెంపలేసుకుని వేయించాను. కానీ కంట్లో సూది! మా పెద్దమ్మ పోతమ్మకి చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించి పెరిగినదాన్ని నేను. ఆ తల్లికి కోపమొస్తే ఎక్కడ తీసుకుంటుందో నాకు తెలుసు.

జ్యోతిర్మయి ఇంటర్ చదివింది. "అత్తా, ఇంజెక్షను ఆస్పత్రిలో గదా ఏత్తారు. ఇంట్లో కాదు గదా" అంది.

"ఆ కన్ను మల్లీ ఈ ఇంటికే గదే వత్తాది."

మహేష్ మా ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. "పాపకి అమ్మోరు దిగే మూడు స్నానాలు అయిపోనీ. వారం పది రోజులకేటవుద్ది? ఆస్పత్రోలు ఫోన్ సేత్తారు గదా, కొత్త తారీకు అడుగుదాం" అన్నాడు. నా భయం చూసి అన్నాడు ఆ మాట. వాడు నాకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

శుక్రవారం ఫోనొచ్చింది, నాకే. నిన్న రాలేదేమని అడిగింది అక్కడి పిల్ల. బయటివాళ్ళతో తల్లి పేరెత్తకూడదు. "ఊర్లో లేడమ్మా. వొచ్చాక నానే సేత్తాను" అన్నాను.

ధనశ్రీకి మూడో స్నానం ఇంకా చేయించలేదు, ఈలోగా జ్యోతిర్మయికి అమ్మవారు పోసింది. పెద్దవాళ్ళకొస్తే ఎంత బాధో. కోడలు అరటాకు మీద పడుకుని మూలిగేది. మళ్ళీ వేపమండలు, మళ్ళీ మొదటి నుంచి లెక్క. అప్పుడు రెండో ఫోను. మళ్ళీ అదే మాట చెప్పాను, ఈసారి ఇంకా తొందరగా.

"ఆస్పత్రోలు ఫోన్ సేసారేటమ్మా?" అని మహేష్ అడిగాడు, బూట్లు విప్పుకుంటూ.

"లేదురా. సేత్తార్లే."

ఎందుకలా అన్నానో ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. చేశారంటే వాడు వెళ్తానంటాడు. వెళ్తే తల్లి ఊరుకోదు. అంతే తోచింది. బోర్డులన్నీ చదువుతున్నాడు కదా, ఏమవుతుంది అనుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచి అన్నిటికీ భయపడ్డదాన్ని, భయపడాల్సిన ఆ ఒక్కదానికి మాత్రం భయపడలేదు.

అమ్మవారిని సాగనంపేసరికి అయిదు వారాలు. ఆ తర్వాత ప్లాంటులో పెద్ద రిపేర్లు మొదలయ్యాయి, సెలవు పెడితే వేరేవాడిని ఎక్కిస్తారు. నేను ఆసుపత్రికి ఫోను చెయ్యలేదు. రెండుసార్లు అబద్ధమాడిన గొంతుతో మళ్ళీ ఏం మాట్లాడను? రేపు, ఎల్లుండి అంటూ నాలుగో నెల వచ్చేసింది.

ఒకరోజు పొద్దున్న టీ గ్లాసు పట్టుకుని వాడు అడిగాడు. "అమ్మా, పొగేసినావేటి ఇంట్లో?"

పొగ లేదు. స్టవ్వు కూడా ఆపేసి ఉంది. తలుపు తీసే ఉంది.

"నల్లగా తేల్తన్నాదే. ఎడం పక్కంతా మసి పట్టినట్టుంది." గ్లాసు కింద పెట్టబోయి, గట్టు ఉందనుకుని గాల్లో వదిలేశాడు.

గౌరీశ్వరి గారు చాలాసేపు చూసింది. ఎడమ కంట్లో రక్తం నిండిపోయింది. వెనక తెరని లోపలి పీచు పట్టి లాగేసిందట, ఊడి వచ్చేసిందట. "ఆపరేషన్ చేద్దాం. కానీ చూపు వస్తుందని మాట ఇవ్వలేను" అంది. తర్వాత ఫైలు తిరగేసింది. "మా వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారని రాసుంది. ఊళ్ళో లేరన్నారట?"

"నానెక్కడికెల్లానండీ?" అన్నాడు మహేష్. "ఊర్లోనే ఉన్నాను."

వాడు నా వైపు తల తిప్పాడు. పూర్తిగా తిప్పాల్సి వచ్చింది, నేను ఎడమ పక్క కూర్చున్నాను కదా. తిట్టుంటే బాగుండేది.

"కుడి కంట్లో కూడా మళ్ళీ మొదలైంది. ఆలస్యం చెయ్యొద్దు, దీనికి ఈరోజే లేజర్ మొదలుపెడదాం" అంది డాక్టరమ్మ. ఈసారి ఆలోచించుకోమనలేదు. "మీరు రాకపోయినా, అది చేసిన పని లోపల ఉంటుంది."

ఆవిడ మామూలుగానే అంది. నాకు మాత్రం ఇంజెక్షన్ వెయ్యడానికి నమ్మదగిన ఇల్లు కాదు మాది అన్నట్టు వినిపించింది. నిజమే కదా.

"క్రేన్ ఎక్కొచ్చా డాక్టర్ గారూ?"

"ముందు ఈ కన్ను కాపాడుకుందాం మహేష్."

వాడు తల ఊపాడు. లేజర్ గది దాకా నేను వెనకే వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆగి, "నువ్వు ఇక్కడే ఉండమ్మా" అన్నాడు. జీవితంలో మొదటిసారి వాడికి సూదో మరొకటో వేస్తుంటే నన్ను బయట ఉండమని వాడే అన్నాడు. తలుపు మూసుకుంది. నేను ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాను. లోపలి నుంచి టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు. ఒక్కో టిక్కుకి ఆటోనగర్లో ప్లేటు గుర్తొచ్చింది. మొదటి రోజే ఆ టిక్కులు పడి ఉంటే వాడికి ఎదరున్నది రెండు కళ్ళతోనూ కనిపించేది. దాలయ్యకి కనిపిస్తున్నట్టు. అమ్మవారు నా మీద కోపమే పడలేదేమో. ఆవిడ పేరు చెప్పి ఆ కన్ను నేనే తీసుకున్నాను.

అరగంటకి తలుపు తెరుచుకుంది. వాడు కుడి కన్ను సగం మూసుకుని, నీళ్ళు కారుతూ, ఒక చేత్తో గోడ తడుముకుంటూ వచ్చాడు. ఆ ముఖానికి ఎదురుగా నిలబడే ధైర్యం నాకు లేకపోయింది. లేచి ఎడమ పక్కకి జరిగిపోయాను. ఆ పక్క వాడికి ఏమీ లేదు. గోడ లేదు, బెంచీ లేదు, నేను లేను.

"అమ్మా" అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "అమ్మా, ఉన్నావేటి?"

జానెడు దూరంలో ఉన్నాను.

"ఎల్లిపోనావేటే?"

వాడి గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు సంతలో చెయ్యి వదిలేస్తే పిలిచిన గొంతు అది. నేను చెయ్యి చాపి వాడి ఎడమ మోచెయ్యి పట్టుకున్నాను. ఎవరో తెలియక వాడు ఉలిక్కిపడి, చెయ్యి విదిలించుకున్నాడు.