శిఖం మట్టి

ఎనభై దాటినా జానమ్మ పొద్దున్నే చెల్కకు పోవడం మానలేదు. కేతేపల్లికి ఇవతల, బస్సు ఆపితే ఆపుతారు లేకుంటే లేదన్నట్టుండే చిన్న ఊరు వాళ్లది. చుట్టుపక్కల క్రైస్తవులంటే బాప్టిస్టులే. ఈ ఊళ్లో మాత్రం ఎప్పుడో కృష్ణ దాటి వచ్చిన ఒక ఉపదేశి పుణ్యమా అని పదిళ్లవాళ్లు లూథరన్ సంఘంలో చేరారు. ఆ పదిళ్లలోనే ఒక ఇంట్లో పుట్టి ఇంకో ఇంటికి కోడలైంది జానమ్మ. మగడు దేవదానంతో కలిసి ఎర్ర చెల్కలో రాళ్లేరింది. అతను పాము కరిచి పోయాక తనే నాగలి పట్టింది. కొడుకునూ కోడలినీ ఒకే యేడు మట్టిలో పెట్టి, వాళ్ల పిల్లవాడు విజేందర్‌ను పెంచి పెద్దచేసింది. ఇంత జరిగినా ఆమె ఏడవడం ఊళ్లో ఎవరూ చూడలేదు.

తెలంగాణ వచ్చాక ఒక ఎండకాలం ఊరి చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే అడుగు నేలలో, పూడిక తీశారు. కావలసినవాళ్లు మట్టి తోలుకోవచ్చన్నారు. విజేందర్ ట్రాక్టరు మాట్లాడుకొని వచ్చాడు. జానమ్మ ఒక్కటే మాట అడ్డం చెప్పింది.

"తూర్పు దిక్కు శిఖం మట్టి మనకొద్దు కొడుకా. కావాలంటే తూము కాడిది తెచ్చుకో."

ఎందుకని అడిగితే చెప్పలేదు. మంచి నల్లమట్టి అంతా తూర్పు దిక్కే ఉంది. ముసలిదాని చాదస్తమనుకొని విజేందర్ అక్కడిదే తోలించాడు. ఎర్ర చెల్క మీద నల్లటి కుప్పలు చూసిన నాడు జానమ్మ గట్టు మీద కూలబడింది. ఆ పూట బువ్వ ముట్టలేదు.

వానలు సరిగ్గా పడ్డాయి. పత్తి ఎన్నడూ లేనంత ఏపుగా లేచింది. కలుపుకు ఆడకూలీలను పిలిచారు. వాళ్లలో గొల్లోళ్ల కౌసల్య చంటిబిడ్డ తల్లి. బిడ్డను అత్తకు అప్పజెప్పి వచ్చింది. మధ్యాహ్నం కావస్తుండగా చెల్క మూలకు చేరిందో లేదో, చేతిలో కొడవలి వదిలేసి నిలబడిపోయింది. రవికె ముందంతా తడిసిపోయింది. పసిబిడ్డ ఏడుపు వినబడి, అత్త తన బిడ్డను ఎత్తుకొచ్చిందేమోనని గట్టంతా వెతికింది. ఎవరూ లేరు. ఇంటికి ఉరికితే బిడ్డ ఉయ్యాలలో హాయిగా నిద్రపోతున్నాడు.

మర్నాడూ అంతే. ఆ మూలకు పోగానే పాలు చేపుకొచ్చాయి. ఈసారి పక్క సాలులో ఉన్న ఇద్దరు ఆడవాళ్లకూ ఆ ఏడుపు వినబడింది. పత్తి చెట్ల అడుగునుంచి, నేలకు ఆనుకొని వస్తున్నట్టుందట. ముగ్గురూ కొంగులు బిగించుకొని ఊళ్లోకి వచ్చేశారు. విజేందర్ పక్క ఊరి కూలీలను తెచ్చాడు. ఏ సంగతీ వాళ్లకు చెప్పలేదు. అయినా పొద్దు నడినెత్తికి రాకముందే వాళ్లూ ఆటో ఎక్కి వెళ్లిపోయారు. ఆఖరికి విజేందర్ తనే పోయి, ఆ ఏడుపు చెవిన పడగానే తిరిగొచ్చాడు. కోడిని కోయించమని కొందరన్నారు. సంఘంవాళ్లు ఏమంటారోనని అతను వెనకాడాడు.

జానమ్మ ఒక్కతే ఆ మూలకు పోయి, పత్తి చెట్ల నడుమ కూర్చుంది. చెవులు రిక్కించింది. ఆకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు, దూరంగా హైవే మీద లారీల రొద. అంతే. పొద్దు వాలేదాకా కూర్చున్నా ఇంకేమీ వినబడలేదు. మర్నాడూ పోయింది, ఆ మర్నాడూ పోయింది. చివరికి కౌసల్య ఇంటి వాకిట్లోకి వెళ్లి నిలబడింది.

"ఎట్ల ఏడుస్తాంది బిడ్డా?" అని అడిగింది.

కౌసల్య తన బిడ్డను దగ్గరికి లాక్కుంది. "ఆకలికి ఏడ్చినట్టే ఉన్నదవ్వా," అంది తలొంచుకొని.

ఆ సాయంత్రం జానమ్మ మనుమడినీ, అతని భార్య మనీషనూ ముందర కూర్చోబెట్టుకొని నోరు విప్పింది. ఆమె తొలిచూలు ఆడపిల్ల. కరువు యేట పుట్టింది. పుట్టిన నాటినుంచే పాలు పట్టలేదు. నెలకోసారి వచ్చే పాస్టరు ఆ నెల రాలేదు. బిడ్డ ఊపిరి ఆగిపోతోందని తెలిసి, ఇంట్లో ఎవరూ లేని వేళ జానమ్మ ముంతలో నీళ్లు తీసుకొని, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున అని మూడుసార్లు నెత్తిన పోసి, రూతు అని పేరు పెట్టింది. కాసేపటికే బిడ్డ పోయింది. మామ సంఘపెద్ద. ఆడదాని చేతి నీళ్లు బాప్తిస్మం కాదన్నాడు, సమాధుల తోటలో జాగా లేదన్నాడు. దేవదానం తండ్రికి ఎదురు చెప్పలేక, ఎండిన చెరువులో తూర్పు శిఖాన ఒక తుమ్మచెట్టు కింద పూడ్చి వచ్చాడు. మరుసటి వానకాలం చెరువు నిండింది. ఆ పేరు మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు.

"అందరికి ఇనబడ్తాంది," అంది జానమ్మ. "నాకే ఇనబడ్తలేదు. నా మీద అలిగిందేమో."

విజేందర్ తల పట్టుకున్నాడు. మట్టి తోలించింది తనేనాయె. ఆదివారం ఆరాధన కాగానే పాస్టరును ఇంటికి పిలుచుకొచ్చాడు. నల్లగొండ నుంచి మోటారు సైకిల్ మీద వచ్చే కుర్ర పాస్టరు ఆయన. ఏడుపు సంగతి విని ఇబ్బందిగా కదిలాడు గాని, నీళ్ల సంగతి విన్నాక కదలకుండా కూర్చుండిపోయాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వవచ్చనీ, అది చెల్లుతుందనీ, మన సంఘం మొదటినుంచీ చెబుతున్నది అదేననీ మెల్లగా చెప్పాడు.

"ఆడదాని చెయ్యయినా?" అంది జానమ్మ.

"ఆడవాళ్లదైనా అంతేనమ్మా."

మామ పోయాడు, మగడు పోయాడు. ఈ మాట వినవలసినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

సోమవారం ఎండ ఎక్కకముందే పాస్టరుతో కలిసి నలుగురూ చెల్కకు వెళ్లారు. కౌసల్య కూడా వచ్చి దూరంగా గట్టు మీద నిలబడింది. జానమ్మ మూలకు పోయి వంగి, నేలకు దగ్గరగా నోరు పెట్టి, "రూతూ," అని పిలిచింది. గాలి నిలిచిపోయింది. పత్తి ఆకు ఒక్కటీ ఆడలేదు. గట్టు మీద కౌసల్య రెండు చేతులతో రొమ్ములు అదుముకొని నేల మీద కూర్చుండిపోవడం మనీష చూసింది.

జానమ్మ చేతులతోనే మట్టి తోడి గంపలోకి ఎత్తింది. సగం గంప కూడా లేదు. విజేందర్ అందుకోబోతే ఇవ్వలేదు, నెత్తిన పెట్టుకొని నడిచింది. సగం దారిలో ఆమె నడక బరువెక్కింది. ఆగి, గంప దించి, చంకలోకి మార్చుకుంది. అక్కడినుంచి సమాధుల తోటదాకా పెదాలు కదుపుతూనే నడిచింది. దేవదానం పక్కన చిన్న గుంత తీసి ఉంది. గంప వంచడానికి ఆమెకు చాలాసేపు మనసొప్పలేదు. పాస్టరు రూతు అని పేరు పలికి ప్రార్థన చదివాడు. ఆ పేరు విన్నప్పుడు జానమ్మ గట్టిగా ఏడ్చింది. అందరూ చూస్తుండగా ఏడ్చింది.

తర్వాత చెల్కలో ఎవరికీ ఏమీ వినబడలేదు. కౌసల్య మళ్లీ కలుపుకు వచ్చింది. పత్తి బాగా పండింది.

జానమ్మ ఇప్పుడు తొంభైకి దగ్గరపడింది. చెల్కకు పోవడం మానేసింది. తనకు ఇంట్లోనే పని ఉందంటుంది. ఏం పనో మనీషకు తెలియదు. మొన్న ఒక మధ్యాహ్నం బట్టలు మడత పెడదామని గదిలోకి వెళ్లేసరికి, ముసలామె మంచం కొసన, కొంచెం కదిలితే కిందపడేటట్టు పడుకొని ఉంది. గోడ వైపు సగం మంచం ఖాళీగా ఉంది. చెయ్యి ఒకటి ఆ ఖాళీ మీద అడ్డంగా, దేన్నీ తాకకుండా వంగి ఉంది.

"అవ్వా, గంత కొసకు పండితే పడ్తవు. జర గోడ దిక్కు జరుగు," అంది మనీష.

జానమ్మ జరగలేదు. కళ్లు తెరిచి, తల తిప్పకుండానే అంది:

"మెల్లగ మాట్లాడు బిడ్డా. గిప్పుడే కన్నంటుకున్నది."