రేవుకు వేసిన గొలుసు

అవతలి గట్టు మీద ఎర్రగుడ్డ ఊపుతున్నారు. ఇవతల రేవులో ఇరవై మూడు పడవలున్నాయి. ఒక్కటీ కదల్లేదు.

కదలడానికి వీల్లేదు. ప్రతి పడవకూ గొలుసు, గొలుసుకు తాళం, తాళం మీద సర్కారు వారి లక్క ముద్ర. పైనుంచి మనిషి వచ్చి కొలతలు తీసుకుని లైసెన్సు ఇచ్చేదాకా పడవ నీళ్లలోకి దిగితే జైలు. ఆ మనిషి ఇదిగో వస్తాడు, అదిగో వస్తాడు అంటూ పన్నెండు రోజులైంది.

గుడ్డ ఊపుతున్నది క్వారీ కూలీలు. వాళ్ల మధ్య ఒక చెక్క మీద, తొడ నలిగిపోయి పడుకున్నవాడు తారక్క తమ్ముడు. అరుపులు గాలికి ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. "రాయి పడింది... నెత్తురు ఆగట్లేదు... అక్కకి చెప్పండి..." ఆసుపత్రి ఇవతల ఉంది. వంతెన మీదుగా రావాలంటే రోజున్నర నడక. ఈదుకుంటూ వెళ్లినా మనిషిని మోసుకురాలేరు.

తారక్కది పడవల అడుగుకు తారు పూసే పని. ఆ పేరు అలా వచ్చిందే. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆ తారు చేతులతోనే సాకింది. కేక వినగానే చేతిలోది పారేసి ఆఫీసుకు పరుగెత్తింది.

రేవు ఆఫీసరు చెడ్డవాడేం కాదు. వచ్చిన చిక్కల్లా అదే. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

"ఒక్క పడవ బాబూ. పావుగంట. వాణ్ణి తెచ్చాక మళ్లీ మీరే తాళం వేసుకోండి."

"నా చేతుల్లో ఏముందమ్మా? ముద్ర పైవాళ్లది. విప్పే అధికారం నాకే కాదు, పోలీసు ఇన్‌స్పెక్టరు గారికి కూడా లేదు. పైవాళ్లకి ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నారట."

"వాడు చచ్చిపోతాడు బాబూ!"

"రూలు మీ క్షేమం కోసమేనమ్మా," అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

ఆమె తిరిగొచ్చేసరికి పడవవాళ్లంతా గట్టు మీద నిలబడి చూస్తున్నారు. కాపలా ఉన్నది ఇద్దరంటే ఇద్దరు. వీళ్లు అరవై మంది. అయినా ఎవరూ గొలుసు ముట్టుకోలేదు. పడవ జప్తు చేస్తారని ఒకడి భయం, ఎంతైనా చట్టం కదా అని ఇంకొకడి జంకు. తారక్క కూడా ముట్టుకోలేదు. దాచడమెందుకు? ఫోను మోగుతుందేమోనని ఆఫీసు కిటికీకేసి చూస్తూ నిలబడిపోయింది.

మధ్యాహ్నానికి ఎర్రగుడ్డ ఆగింది. అవతల కూలీలు తలగుడ్డలు తీసేశారు.

తారక్కకు ఏడుపు రాలేదు. "చిన్నప్పుడు వాడికి నీళ్లంటే భయం," అంది, ఎవరితో అంటోందో తనకే తెలియకుండా.

పడవల షెడ్డులో జనం చేరారు. మిల్లు కూలీలు వచ్చారు, చేపల బుట్టల ఆడవాళ్లు వచ్చారు, కాలేజీ పిల్లలు వచ్చారు. టపాకాయ అని అందరూ పిలిచే కుర్ర పడవవాడు ముందుగా పేలాడు.

"ఆఫీసు తగలబెడదాం! అసలీ సర్కారే వద్దు మనకి!"

"తగలబెట్టి?" అన్నాడు ముసలి సరంగు, రేవులో పడవ నడిపేవాళ్లందరికన్నా పెద్దవాడు. "రేపు నీ పడవ ఎవడో ఎత్తుకుపోతే ఎవడి దగ్గర మొత్తుకుంటావురా?"

"అయితే గొలుసు పక్కన కూర్చుని గోళ్లు గిల్లుకుందామా?"

తారక్క లేచింది. "అర్జీ పట్టుకెళ్లింది నేను," అంది.

అందరికీ తెలిసిన మాటే. ఎవరూ అనలేకపోయిన మాట. నిరుడు ఎక్కణ్ణుంచో వచ్చిన ఒక ఆశపోతు పడవలో మనుషుల్ని కుక్కి పదకొండు మందిని ముంచాడు. ఈ రేవులో తాతలనాటి పద్ధతి ఒకటుంది. ప్రతి పడవ పక్కచెక్క మీదా తెల్లగీత గీస్తారు. నీళ్లు గీతను తాకితే చివర ఎక్కినవాడు దిగాల్సిందే, వాడు ఎంత గొప్పవాడైనా సరే. ఆ గీతను చట్టం చేయమనీ, తప్పినవాణ్ణి పట్టుకోమనీ అందరి వేలిముద్రలూ వేయించి తారక్కే అర్జీ ఇచ్చింది. ముంచినవాడికి జామీను దొరికింది. ఏనాడూ గీత తప్పని పడవలకు గొలుసు దొరికింది.

"ముంచినవాణ్ణి పట్టుకోమన్నాం. అది సర్కారు పనే. ఇప్పుడూ అదే అంటాను. దొంగని పట్టుకోవాలి, తగువు తీర్చాలి, మనిషిని మనిషి చంపకుండా చూడాలి. అంతవరకూ నేను దండం పెడతా. కానీ ఏ తప్పూ చెయ్యనివాడు తన పడవలో తనవాళ్ల దగ్గరికి వెళ్లడానికి ఎవర్ని అడగాలి? దొంగలకోసం కుక్కని పెట్టుకున్నాం. అది గుమ్మంలో కూర్చుని మనల్నే బయటికి పోనివ్వట్లేదు."

"చంపేద్దాం దాన్ని," అన్నాడు టపాకాయ.

"కట్టెయ్యాలిరా. గొలుసు ఉండాల్సింది దాని మెడకి."

ఉలీ సుత్తీ తీసుకుని బయటికి నడిచింది. షెడ్డు మొత్తం ఆమె వెనకే కదిలింది. మొదటి తాళం మూడు దెబ్బలకు విరిగింది. రెండోది విరిగేలోపు పోలీసు ఇన్‌స్పెక్టరు ఆరుగురు కానిస్టేబుళ్లతో వచ్చాడు. బేడీలు తారక్క చేతులకే పడ్డాయి.

కోర్టు అవతలి గట్టున ఉంది. సర్కారు లాంచీ మరమ్మతులో ఉంది.

"ఏయ్, ఒక పడవ తియ్యండి. మమ్మల్ని దాటించండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ముసలి సరంగు చేతులు కట్టుకున్నాడు. "లైసెన్సు లేదండి. నేరం కదండీ?"

"నేను అనుమతి ఇస్తున్నా!"

జనంలో ఒక నవ్వు లేచి, వెంటనే ఆగిపోయింది.

"ఆ అధికారం మీక్కూడా లేదని పొద్దున ఆఫీసరు గారు చెప్పారే," అంది తారక్క. "వాడు పోయేదాకా లేనిది ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది బాబూ?"

ఇన్‌స్పెక్టరు ఆమె ముఖంలోకి చూడలేదు. చూసినవాడు ముసలి సరంగు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, నీకోసం తీస్తాను. అవతల నీ తమ్ముడున్నాడు. ఆఖరిసారి ముఖం చూసుకో తల్లీ. నడిపించారంటే ఎల్లుండి పొద్దుటికి గానీ చేరవు. ఈ ఎండకి అప్పటిదాకా ఉంచరు."

తారక్క నది వైపు చూసింది. చెక్క మీద కప్పిన గుడ్డ కనిపిస్తోంది. పావుగంట దూరం. వాడి తల ఒళ్లో పెట్టుకోవాలని చేతులు లాగుతున్నాయి. ఊఁ అంటే చాలు. ఆ ఊఁ నోటిదాకా వచ్చింది.

"వద్దు బాబాయ్," అంది. "వాడు చస్తుంటే కదలని పడవ వీళ్లు పిలిస్తే కదలకూడదు."

మళ్లీ తనే అంది. "వాణ్ణి మీరే తీసుకురండి. జుట్టు నిండా రాతిదుమ్ము ఉంటుంది. గట్టిగా రుద్దితే వాడికి నచ్చదు. మెల్లగా కడగండి."

ముసలాయన భోరుమన్నాడు. తారక్కను రోడ్డెక్కించారు, నలుగురు కానిస్టేబుళ్ల మధ్య.

మలుపు దాకా వెళ్లారో లేదో, వెనక నుంచి సుత్తి దెబ్బలు వినిపించాయి. ఒకటి కాదు, రేవు రేవంతా. మిగిలిన పోలీసులు ఈలలు వేస్తున్నారు. జనం వాళ్లను ముట్టుకోలేదు, లక్ష్యపెట్టనూ లేదు. తారక్క తిరిగి చూసేసరికి ఇరవై మూడు పడవలూ నీళ్లలో ఉన్నాయి. అన్నీ అవతలి గట్టుకే వెళ్తున్నాయి.

ఏ పడవలో వాణ్ణి ఎక్కిస్తారో చూద్దామని ఆగింది.

"నడువమ్మా," అన్నాడు కానిస్టేబులు, కాస్త మెల్లగానే.

నడిచింది.