స్విచ్చు డాక్టరమ్మ

ఆపరేషను గదుల్లో ఆమెను అందరూ స్విచ్చు డాక్టరమ్మ అనేవారు. మత్తు ఇవ్వడం చాలామందికి వచ్చు. లేపడంలో మాత్రం ఆమె చెయ్యే వేరు. ఎముకల డాక్టరు ఆఖరి కుట్టు ముడి వేసి కత్తెర కింద పెట్టేలోపు రోగి కళ్ళు తెరిచి తన పేరు చెప్పేవాడు. "ఏమ్మా, లైటు వేసేశావా?" అని ఆయన నవ్వేవాడు. ఆ ఒక్క మాటతో ఆమెకు కడుపు నిండిపోయేది.

దానికి ఆమె నమ్ముకున్న మందు రెమిఫెంటానిల్. చిన్న పంపులోంచి నరంలోకి ఎక్కుతున్నంతసేపూ కత్తి పెట్టి కోసినా ఒళ్ళు ఉలకదు, పలకదు. పంపు ఆపితే కొద్ది నిమిషాల్లోనే ఒంట్లోంచి పోతుంది. పోతూ పోతూ నొప్పికి అడ్డుగా ఏమీ మిగల్చదు. అందుకే ఆపరేషను ఇంకా జరుగుతుండగానే మార్ఫిన్ ఇచ్చి ఉంచాలి. అది నిదానంగా పనిచేస్తుంది, చాలాసేపు కాస్తుంది. కానీ అది ఇస్తే రోగి కాసేపు జోగుతాడు. స్విచ్చు వేసినట్టు లేవడు. అందుకే ఆమె దాన్ని ఎప్పుడూ కొసరి కొసరి ఇచ్చేది.

ఆమె చెల్లెలు బండి మీంచి పడి కాలి ఎముక విరగ్గొట్టుకుంది. వెన్నులో సూది మాట ఎత్తగానే బిక్కచచ్చిపోయింది.

"అక్కా, నన్ను పూర్తిగా పడుకోబెట్టెయ్. లేచేసరికి మాత్రం నొప్పి ఉండకూడదు. ఒట్టెయ్."

"ఒట్టెందుకే పిచ్చిదానా, నేనున్నాగా."

"నువ్వున్నావనేగా భయం! చిన్నప్పుడు ముల్లు తీస్తానని పిన్నీసుతో పాదమంతా కెలికావు."

"నోర్ముయ్యవే," అని తల్లి కసిరింది. "అక్క చేతిలో ఉంటే ఇంకేం కావాలి నీకు?"

ఆ రోజే వేరే ఆసుపత్రి నుంచి కొందరు డాక్టర్లు ఆమె పని చూడ్డానికి వచ్చి, గోడవారగా నిలబడ్డారు. ఎముకకు ప్లేటు బిగిస్తుండగా ఆమె మార్ఫిన్ సిరంజి చేతిలోకి తీసుకుంది.

"ఇవాళ మన పరువు నీ చేతిలో ఉందమ్మా," అన్నాడు ఎముకల డాక్టరు తలెత్తకుండానే. "సొంత చెల్లెల్ని ఎలా లేపుతావో చూస్తారట."

సిరంజి మళ్ళీ ట్రేలోకి వెళ్ళింది. లేచాక ఇస్తే కొంపలేం మునగవు అనుకుందామె.

పంపు ఆపింది. కుట్టు ముడి పడింది. చెల్లెలు కళ్ళు తెరిచింది, గొంతులో గొట్టం తీశాక అడగ్గానే పేరు చెప్పింది. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలాడించారు.

అంతలో చెల్లెలి మొహం మెలి తిరిగిపోయింది.

"అక్కా! కాలు! కోసేస్తున్నారే, ఇంకా కోసేస్తున్నారు! ఆపమను!"

ఆమె ట్రేలోంచి సిరంజి తీసి మార్ఫిన్ ఎక్కించింది. అది తీరిగ్గా పనిచేసే మందు. తొందరపడమంటే పడదు. చెల్లెలు బల్లను చేతులతో బాదుతూ అరుస్తూనే ఉంది. "అయిపోయిందమ్మా, తగ్గిపోతుంది" అంటూ చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టింది.

"చాలా బాగా లేపారు మేడం," అని వచ్చినవాళ్ళలో ఒకాయన మర్యాదగా చెప్పి వెళ్ళాడు.

తలుపు బయట తల్లి కొయ్యబారి నిలబడి ఉంది. "నువ్వుండి కూడానా?" అంది.

చెల్లెలు తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. కాలు అతుక్కుని ప్లేటు తీసేయాల్సి వచ్చినప్పుడు, మత్తుకు వేరే డాక్టరును తనే మాట్లాడుకుంది. ఆయన రోగులు సాయంత్రం దాకా జోగుతూనే ఉంటారని ఆసుపత్రిలో అందరూ నవ్వుకునేవారు.

"ఆయన దగ్గర లేవడం ఆలస్యమవుతుందే," అంది ఆమె.

"నాకేం తొందరక్కా? నేనెలా లేస్తానో చూడ్డానికి ఎవరూ రావట్లేదుగా."

ప్లేటు తీశాక ఈసారి ఆమె చెల్లెలి మంచం పక్కన తల్లితోపాటు కూర్చుంది.

"ఎంత హాయిగా పడుకుందో చూడవే," అంది తల్లి, మనసులో ఏమీ పెట్టుకోకుండా.

చాలాసేపటికి చెల్లెలు సగం కళ్ళు తెరిచింది. నాలుక మందంగా కదిలింది.

"నొప్పి లేదక్కా. ఆయనకి చెప్పు."

చెప్పి మళ్ళీ నిద్రలోకి జారిపోయింది. ఆయనకి చెప్పడానికి స్విచ్చు డాక్టరమ్మ లేచి వెళ్ళింది.