తక్కెడకు అందని చుక్క

నేను ఒక కంసాలి తక్కెడను. అద్దాల పెట్టెలో ఒక ఇత్తడి కాడ, రెండు చిట్టి పళ్ళేలు, మధ్యలో సూదిమొనలాంటి ముల్లు. ఇంతే నా ఒళ్ళు. గొప్పలు మాత్రం ఒంటికి మించి ఉన్నాయి, ముందే చెప్పేస్తున్నాను. ఒకసారి నా కుడి పళ్ళెంలో ఈగ వాలి లేచిపోయింది. ఆ కాస్తలోనే దాని వెనక కాలికి అంటిన బెల్లం ఎంతో చెప్పేశాను. నమ్మకపోతే ఆ ఈగనే అడగండి.

నరసాపురంలో ఒక ఇత్తడి పనివాడు మూడు నెలలు కూర్చుని నన్ను చేశాడు. అక్కణ్ణుంచి సోమలింగాచారి గారి తండ్రి చేతికి, ఆయన తర్వాత ఆచారి గారి చేతికి వచ్చాను. గుళ్ళో దండం పెడుతూ కూడా చెప్పులకేసి వెనక్కి చూసుకునే పెద్దమనుషులు, నా ముల్లు ఊగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి, రెప్ప వేయకుండా నిలబడేవారు. అంత భక్తికి నాకే సిగ్గేసేది.

ఆ ఇంట్లో రెండు కట్టుబాట్లు. తక్కెడ ముందు అబద్ధమాడకూడదు. అమావాస్య నాడు పని ముట్టకూడదు. ఆ రోజు కుంపటి వెలగదు, నా మీద ఎర్రగుడ్డ కప్పుతారు.

ఆచారి గారి కొడుకు కొడుకు ఫణీంద్ర. ఇరవై నాలుగేళ్ళవాడు, నగిషీ పనిలో తాతను మించినవాడు. గోరంత లాకెట్టు మీద నెమలిని చెక్కితే ఈకల్లో కళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. కూతురి కూతురు హైమ కాకినాడలో ఇంజనీరింగు చదివేది. సెలవులకు వచ్చిన హైమ ఒక అమావాస్య మధ్యాహ్నం, ఆచారి గారు భోంచేసి కునుకు తీస్తుండగా, బావను కొట్లోకి లాక్కొచ్చింది. పుస్తకంలోంచి బొమ్మ అచ్చేసిన బుల్లి కాగితం ముక్క తీసింది. తపాలా బిళ్ళలో పావు వంతు ఉంటుంది.

"ఏంటే ఇది, చీమకి శుభలేఖా?" అన్నాడు ఫణి.

"ఎల్‌ఎస్‌డీ అంట బావా. మా హాస్టల్లో అమ్మాయి ఇచ్చింది. నాలిక మీద పెట్టుకుంటే రంగులు పాటలు పాడతాయంట. మొదటిసారికి సగం చాలంది."

"సగమని కంటి చూపుకి కోసేస్తావా? కంసాలింటి పిల్లవై ఉండీ!"

గుడ్డ తీసేశారు. కాగితం కోసి, నగలు పట్టుకునే సన్నటి శ్రావణంతో రెండు ముక్కలనూ నా రెండు పళ్ళేల్లో పెట్టాడు. వెంట్రుకవాసి కుడికి మొగ్గాను. అంచు గీకాడు. ముల్లు నిటారుగా నిలబడింది.

"చూశావా, సరిసమానం!"

నేనూ పొంగిపోయాను. నేను తూచింది కాగితాన్ని. అందులో ఇంకిన మందు ఎంతో, ఏ మూలన చేరిందో నా ముల్లుకేం తెలుసు? కాగితం మీద మందు చుక్క వేసినవాడికి మా ఆచారి గారి చెయ్యి లేదు కదా. ఆ మందంతా ఒక ముక్కలోనే ఉంది. అదే ఫణి నాలిక మీదికి వెళ్ళింది, రెండోది హైమ నాలిక మీదికి.

ముప్పావుగంటకు హైమకు ఏమీ కాలేదు. "మనల్ని వెర్రివాళ్ళని చేసింది బావా" అని నవ్వబోయి ఆగిపోయింది. ఫణి ఒళ్ళంతా చెమట. వెలిగించని కుంపటికేసి చూస్తూ "ఆర్పండి, ఆర్పండి, కాలిపోతున్నాను!" అని కేక పెట్టాడు. దవడలు బిగుసుకున్నాయి. నేల మీద పడి కొట్టుకోసాగాడు.

ఆచారి గారు పరుగున వచ్చారు. "ఏమైందే వీడికి?"

"ఎం... ఎండదెబ్బ తాతయ్యా. పొద్దుట్నుంచీ ఎండలో తిరిగాడు."

నిజం చెబితే తన చదువు, పరువు ఏమైపోతాయోనని పిల్ల నోరు నొక్కుకుంది. ఆయన తడిగుడ్డ వేస్తున్నారు. ఫణి ఒళ్ళు పెనంలా ఉంది. నాకు నోరుంటే పెట్టె అద్దాలు పగిలేలా అరిచేదాన్ని. అంతలో ఆయన కళ్ళు నా మీద పడ్డాయి.

"అమావాస్య పూట దీని గుడ్డ ఎవరు తీశారు? ఏం తూచారే?"

"ఏం లేదు తాతయ్యా."

"నా మొహం చూడకు. ఆ ముల్లు చూసి చెప్పు, ఏం లేదని."

హైమ నాకేసి చూసింది. నా పెట్టె అడుగున గీకిన కాగితం పొట్టు ఇంకా ఉంది. "మత్తు కాగితం, తాతయ్యా. సగం బావ, సగం నేను..." అని బావురుమంది.

"నిన్ను తిట్టడానికి ఇంకా బోలెడు రోజులున్నాయి. ముందు ఆటో పిలువు. ఇదే మాట, ఒక్క ముక్క మింగకుండా డాక్టరమ్మకి చెప్పు."

చెప్పింది కాబట్టే ఫణి మిగిలాడు. డాక్టరమ్మ ఇద్దరినీ ఆస్పత్రిలోనే ఉంచి చూసింది. పరీక్ష చేస్తే అది ఎల్‌ఎస్‌డీయే కాదట, ఆ పేరుతో చలామణీ అవుతున్న ఇంకేదో తయారీ మందు. ఇలాంటి వాటిలో నాలుగైదు ఉప్పు రవ్వలంత అటూ ఇటూ అయినా ప్రాణం మీదికొస్తుందట. విరుగుడు లేదు. ఒంటి వేడి దించుతూ, మూర్ఛ ఆపుతూ కాచుకుని కూర్చోవడమేనట.

పన్నెండో రోజున ఫణి కొట్లోకి వచ్చి ఉలి పట్టుకున్నాడు. నెమలి మెడ దగ్గర గీత వంకర పోయింది. మళ్ళీ చెక్కాడు, మళ్ళీ పోయింది. ఉలి పక్కన పెట్టి కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఆ వణుకు ఇక పోలేదు.

నన్ను హైమ అడిగి తీసుకుంది. బంగారం మానేసి ఇప్పుడు కాలేజీలు తిరుగుతున్నాను. బస్సులో ఆమె ఒళ్ళో కూర్చుంటాను, మరీ గారాబం. పక్క సీట్లో ఫణి. హాల్లో హైమ ఆ అమావాస్య కథ చెప్పి, మామూలు కాగితం కోసి, ఒక ముక్క మీద సూదిమొనతో సిరా అంటించి, ఆరాక పళ్ళేల్లో పెడుతుంది. "చుక్క ఎటుందో తక్కెడ చెబుతుందేమో చూడండి." నేను చెప్పను. ఈగ కాలి బెల్లం తూచినదాన్ని, ఇంతమంది ముందు నాకు తెలియదని నిటారుగా ఒప్పుకుంటాను.

వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు లేస్తాడు. "మేం సగంలో సగం వేసుకుంటాం లెండి అక్కా!" అందరూ నవ్వుతారు. ఏ ఊరెళ్ళినా అదే జోకు.

అప్పుడు ఫణి లేచి, శ్రావణం తీసుకుని ఒక ముక్క ఎత్తబోతాడు. మొన నా పళ్ళెం అంచుకు టకటకా కొట్టుకుంటుంది. ముల్లు ఊగుతుంది. కాగితం జారిపోతుంది, అతను మళ్ళీ పడతాడు, మళ్ళీ జారుతుంది. అతను మాత్రం వదలడు. జోకు వేసినవాడు మెల్లగా కూర్చుంటాడు.

బంగారం ముందు నిలబడ్డ పెద్దమనుషుల్లాగే ఆ హాలంతా ఊపిరి బిగబట్టి నా ముల్లునే చూస్తుంటుంది.