బేస్‌మెంట్‌లో గోల్‌కీపర్

దేదీప్య కుడి భుజం గోల్‌పోస్టుకి కొట్టుకున్నది సెప్టెంబరులో, ఒక ఆదివారం మధ్యాహ్నం. బంతి బయటికి పోయింది. ఆమె గడ్డి మీద వెల్లకిలా పడి ఉంది. నొప్పి వెంటనే తెలియలేదు. ముందు ఆకాశం కనిపించింది. అందులో ఒక విమానం ఓహేర్ ఎయిర్‌పోర్టు వైపు ఎంతో తీరుబడిగా దిగుతోంది. జనం అరుపులు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు మెత్తగా వినిపించాయి. టీమ్ ఫిజియో వచ్చి ముఖం మీదికి వంగేదాకా ఆమె ఆ విమానాన్నే చూస్తూ ఉండిపోయింది.

ఆమె పుట్టింది ఇంగ్లండులో, హల్ అనే రేవు పట్నంలో. తండ్రి శశికాంత్‌కి అక్కడ మందుల షాపు, తల్లి దమయంతి డాక్టరు. బళ్ళో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పెట్టినప్పుడు గోల్‌లో నిలబడడానికి ఎవరూ ఒప్పుకోకపోతే, కొత్తగా చేరిన ఈ పిల్లని నిలబెట్టారు. మిగతా పిల్లలకి అది శిక్ష. దేదీప్యకి మాత్రం అక్కడ హాయిగా ఉండేది. ఆట అవతలి సగంలో జరుగుతున్నంతసేపూ ఆమె చుట్టూ ఎవరూ ఉండరు. నది మీది పొగమంచు మైదానం దాకా వచ్చేది. దూరాన రంగు రంగు చొక్కాలు మసగ్గా కదిలేవి. కళ్ళు తెరుచుకుని ఉండగానే కల కంటున్నట్టు ఉండేది. అంతలో ఆ మంచులోంచి బంతి వచ్చేది. చేతులు వాటంతటవే లేచేవి.

ఆ చేతుల వల్లే ఆమె పెద్ద క్లబ్బుల దాకా కాకపోయినా, జీతమిచ్చే క్లబ్బుల దాకా వెళ్ళింది. కొన్నేళ్ళు పొద్దున పూట కళ్ళజోళ్ళ షాపులో పనిచేసి, సాయంత్రాలు ప్రాక్టీసుకి పోయేది. వానలో బస్సు ప్రయాణాలు, వేడినీళ్ళు రాని డ్రెస్సింగ్ రూములు, మోకాళ్ళ మీద ఎప్పుడూ మానని దోక్కుపోయిన గాయాలు. ఒకసారి ఇంగ్లండు జట్టులోకి పిలుపు వచ్చింది. ఆ మ్యాచ్ మొత్తం బెంచీ మీద కూర్చుని చూసింది. మళ్ళీ పిలవలేదు. ముప్పై ఏళ్ళు వచ్చాక చికాగో పక్కనున్న ఒక క్లబ్బు రమ్మంటే, ఇక ఇదే చివరి మజిలీ అనుకుని వచ్చింది. వచ్చిన తొలి సీజన్‌లోనే భుజం పోయింది.

ఆపరేషన్ అయ్యాక దమయంతి హల్ నుంచి తన మెడికల్ కాలేజీ స్నేహితురాలు లీలకి ఫోన్ చేసింది. లీలది చికాగో దగ్గరే ఉన్న షామ్‌బర్గ్.

"అది ఒక్కత్తే అపార్ట్‌మెంట్‌లో మేనేజ్ చేస్తానంటోందే. ఒంటిచేత్తో జుట్టు కూడా ముడేసుకోలేదు," అంది దమయంతి.

"నువ్వు దానికేం చెప్పకు. రేపు వెళ్ళి నేనే తెచ్చుకుంటా," అంది లీల.

మర్నాడు చెయ్యి స్లింగ్‌లో వేలాడేసుకుని దేదీప్య ఆ ఇంటికి వచ్చింది. వెనకవైపు అద్దాల గదిలో లీల భర్త గోపీనాథ్ కూర్చుని, బయట చిన్న చెరువు గట్టున తిరుగుతున్న బాతుల్ని చూస్తున్నాడు. టెలిఫోన్ పరికరాల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. రెండేళ్ళ కిందట స్ట్రోక్ వచ్చి కుడిచేయి బలం తగ్గింది, మాట దాదాపు పోయింది. ఆయన కోసమే లీల మత్తుడాక్టరు ఉద్యోగం ముందుగా మానేసింది.

"ఎలా ఉన్నారు అంకుల్?" అని అడిగింది దేదీప్య.

"బాగున్నారమ్మా. కాస్త చలిగా ఉందంటున్నారు," అంది లీల, ఆయన ఒళ్ళో దుప్పటి సర్దుతూ.

ఆయన ఏమీ అనలేదు. దేదీప్య అది గమనించింది గానీ వచ్చిన మొదటి రోజే ఏమంటుంది.

రోజులు మెల్లగా గడిచాయి. మంచు మొదలైంది. ఇంట్లో మాటలన్నీ లీలవే. ప్రశ్నా ఆమెదే, జవాబూ ఆమెదే. "పులుసు బావుందా? బావుందంటున్నారు." "టీవీ పెట్టనా? వద్దులెండి, తలనొప్పి." గోపీనాథ్ పెదాలు ఒక్కోసారి కదలబోయేవి. ఆలోగానే మాట అయిపోయేది. లీల కసురుకునే మనిషి కాదు. భయంతో అలా చేసేది. ఒకనాడు కూరగాయలు తరుగుతూ దేదీప్యతో అంది. "సర్వీసంతా మనుషుల్ని నిద్రపుచ్చి మళ్ళీ లేపడమే నా పని. ఒక్కళ్ళు కూడా లేవకుండా ఉండిపోలేదు తెలుసా. ఈయన ఎదురుగా కూర్చుని ఉంటారు, ఎంత పిలిచినా ఎక్కడో ఉంటారు."

స్లింగ్ తీసేశాక ఫిజియో ఒక మెత్తటి బంతి ఇచ్చి, గోడకి దొర్లించి పట్టుకోమన్నాడు. దేదీప్య బేస్‌మెంట్‌కి దిగింది. తివాచీ పరిచిన పొడవాటి గది. ఒక మూల ఎవరూ వాడని ట్రెడ్‌మిల్, ఇంకో మూల పెళ్ళై సియాటిల్ వెళ్ళిపోయిన వాళ్ళ కూతురు ఇషా పుస్తకాల పెట్టెలు. కిటికీలు పైకప్పుకి ఆనుకుని ఉన్నాయి. వాటి అవతల పేరుకున్న మంచులోంచి నీలం రంగు వెలుతురు దిగేది. అక్కడ కూర్చుంటే మధ్యాహ్నమో సాయంత్రమో తెలిసేది కాదు. మంచు కింద ఊరంతా ఊపిరి బిగపట్టినట్టు ఉండేది.

ఒకరోజు లీల బజారుకి వెళ్తూ, "అంకుల్‌ని నీ దగ్గర కూర్చోబెట్టనా?" అంది. రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా దింపి, కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళింది. దేదీప్య దొర్లించిన బంతి గోడకి తగిలి పక్కకి పోయి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది. లేచి తెచ్చుకుందామనుకునే లోపు ఆయన వంగాడు. ఎడమచేత్తో బంతి తీసుకుని, కాసేపు దాన్ని తిప్పి చూసి, ఆమె వైపు దొర్లించాడు.

"థాంక్స్ అంకుల్," అని ఆమె మళ్ళీ ఆయనకే దొర్లించింది.

ఆనాటి నుంచి అది రోజూ జరిగింది. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. తివాచీ మీద బంతి దొర్లే చప్పుడు, హీటరు ఊపిరి. ఆమె మోకాళ్ళ మీద కూర్చునేది. ఆయన మొదట ఎడమచేత్తో, కొన్నాళ్ళకి కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఆపైన ఎప్పుడైనా కుడిచేత్తోనే. బంతి వంకరగా వచ్చేది, మధ్యలో ఆగిపోయేది. దేదీప్య తొందరపడేది కాదు. ఎదురుచూడడం ఆమెకి అలవాటైన పనే. కొన్నిసార్లు తను హల్‌లో ఉన్నట్టూ, ఎదురుగా పొగమంచు ఉన్నట్టూ అనిపించేది. ఆ మంచు అవతల ఒక మనిషి ఉన్నాడు. బంతి వస్తూనే ఉంది.

ఫిబ్రవరిలో ఒకనాడు లీల కాఫీ కప్పులతో మెట్లు దిగుతోంది. సగంలో ఆగింది.

గోపీనాథ్ బంతి పట్టుకుని దేదీప్య ఎడమవైపు చూశాడు. చాలాసేపు అటే చూశాడు. ఆయన భుజం కూడా అటే వంగింది. దేదీప్య ఒళ్ళంతా అటు వాలింది, చెయ్యి చాపింది. అప్పుడు ఆయన మణికట్టు తిప్పి బంతిని రెండోవైపు దొర్లించాడు. అది ఆమె మోకాలి పక్కనుంచి నింపాదిగా వెళ్ళి గోడకి తగిలింది.

దేదీప్య తివాచీ మీద వెల్లకిలా పడి నవ్వడం మొదలుపెట్టింది. గోపీనాథ్ మూతి ఒక పక్కే పైకి లేచింది.

"చెయ్యి జారిందా ఆయనకి?" అని మెట్ల మీంచే అడిగింది లీల.

"లేదు ఆంటీ. కావాలని చేశారు. నన్ను టోటల్‌గా ఫూల్ చేశారు. ప్రొఫెషనల్స్ కూడా నన్ను ఇలా చెయ్యలేదు."

లీల అక్కడే మెట్టు మీద కూర్చుంది. కప్పుల్లోంచి కాఫీ కొంచెం చీర మీద ఒలికింది. "ఇన్నాళ్ళూ లోపలే ఉన్నారన్నమాట," అంది, ఎవరితోనో అన్నట్టు.

ఆ సాయంత్రం వంటింట్లో ఆమె దేదీప్యని అడిగింది. "నువ్వేం చేశావు ఆయన్ని?"

"ఏం చెయ్యలా ఆంటీ. జస్ట్ వెయిట్ చేశా. పెనాల్టీ అప్పుడు కూడా అంతే. ముందే జంప్ చేస్తే గోల్ వెళ్ళిపోద్ది. వాళ్ళు మూవ్ అయ్యేదాకా మనం ఆగాలి." కాస్త తటపటాయించి అంది. "మీరు... ముందే జంప్ చేస్తారు ఆంటీ."

లీల స్టవ్ చిన్నది చేసి, అద్దాల గదిలోకి వెళ్ళి భర్త ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాఫీ తాగుతారా, టీ పెట్టనా?"

ఆయన ఆమెని చూశాడు. ఆమె నోరు తెరవబోయి, పెదవి కొరుక్కుని ఊరుకుంది. చెరువు మీద చీకటి పడుతోంది. ఇంటికప్పు మీంచి ఒక మంచుపెళ్ళ జారి మెత్తగా కింద పడింది. ఆయన గొంతులో ఏదో కదిలి, ఆగి, మళ్ళీ కదిలింది.

"మ... మజ్జిగ," అన్నాడు గోపీనాథ్.

మజ్జిగ ఆయనకి పడదని లీల రెండేళ్ళుగా ఇవ్వడం లేదు. ఆమె లేచి వెళ్ళి పెరుగు చిలికింది. చిలుకుతున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

వసంతంలో దేదీప్య మైదానానికి తిరిగి వెళ్ళింది. క్లబ్బు తన అపార్ట్‌మెంట్ మళ్ళీ ఇస్తానన్నా షామ్‌బర్గ్‌లోనే ఉండిపోయింది. డాక్టర్ల లెక్కలో భుజం బాగైపోయింది. కానీ కుడివైపు బంతి వచ్చినప్పుడు ఒళ్ళు ఒక రెప్పపాటు ఆలోచించేది. మునుపు ఆ ఆలోచన ఉండేది కాదు. కార్లీ అనే కుర్ర గోల్‌కీపర్ ఆమె స్థానంలో ఆడింది. బాగా ఆడింది. దేదీప్య బెంచీ మీద కూర్చుని, వేసవి సాయంత్రాల్లో స్టేడియం మీదుగా ఎగిరే పిచ్చుకల్ని, ఒక్కటొక్కటిగా వెలిగే లైట్లని చూస్తూ గడిపింది. బాధపడాలేమో అనుకునేది. కానీ వేరే ఎవరి కథనో అద్దంలోంచి చూస్తున్నట్టే ఉండేది.

అక్టోబరులో సీజన్ ఆఖరి మ్యాచ్. సన్నగా వాన. లీల, గోపీనాథ్ ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని వచ్చి కింది వరసలో కూర్చున్నారు. సగం ఆట అయ్యాక కార్లీ మడమ బెణికింది. కోచ్ వెనక్కి తిరిగి చూశాడు. దేదీప్య చేతికి గ్లవ్స్ తొడుక్కుని వానలోకి నడిచింది.

గోల్ ముందు నిలబడగానే చప్పుళ్ళు దూరమైపోయాయి. వాన తెరల అవతల రంగులు కదిలాయి. ఒక బంతి ఎడమవైపు నేలబారుగా వచ్చింది. ఆమె ఎప్పుడు దూకిందో ఆమెకే తెలియదు. తడిగడ్డి చెంపకి తగిలేసరికి బంతి గుండెల కింద ఉంది. చాలాసేపటికి ఇంకోటి కుడివైపు వచ్చింది. ఆమె వెళ్ళింది. కానీ ఆ రెప్పపాటు ఆలోచన అయ్యాక వెళ్ళింది. బంతి వేళ్ళ కొసల మీంచి లోపలికి పోయింది. మ్యాచ్ సమానంగా ముగిసింది. అందరూ వచ్చి ఆమె భుజం తట్టారు.

ఇంటికి వెళ్తూ కారు నడుపుతున్న లీల అంది. "ఆ గోలు నీ తప్పేం కాదమ్మా. ఆ పొడుగాటి పిల్ల అడ్డొచ్చింది."

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ముందు సీట్లోంచి గోపీనాథ్ మాట కోసం వెతుక్కుంటున్నాడు. లీల ఆగింది. వెనక సీట్లో దేదీప్యా ఆగింది. ఒక సిగ్నల్ దాటారు.

"కాదు," అన్నాడాయన. ఇంకాసేపటికి, "ఆలస్యం... అయింది," అన్నాడు.

"అదేం మాటండీ," అంది లీల.

"అంకుల్ కరెక్ట్ ఆంటీ. ఐ వాజ్ లేట్," అంది దేదీప్య. ఆమె గొంతులో నొప్పి లేదు. గ్రౌండులో అందరూ ఓదార్చారు గానీ ఒక్కరూ నిజం చెప్పలేదు. ఇప్పుడు విన్నాక ఒంట్లో ఎక్కడో బిగిసి ఉన్నది వదులైంది. తడి అద్దానికి తల ఆనించి అంది. "ఇంక ఆడను ఆంటీ. ఇదే లాస్ట్."

లీల అద్దంలో ఆమెని చూసింది. "బాధగా ఉందా?"

"తెలీట్లా. ఆకలేస్తుంది."

దారిలో దోసెల హోటలు దగ్గర ఆగారు. ముగ్గురూ తడి కోట్లు కుర్చీలకి ఆరేసి, పొగలు కక్కే సాంబారు ముందు పెద్దగా మాట్లాడుకోకుండా తిన్నారు. దేదీప్య రెండో దోసె కూడా తెప్పించుకుంది.

ఆ నెలాఖరున క్లబ్బు మర్యాదగా వీడ్కోలు చెప్పింది. పక్క రాష్ట్రం అయోవాలో ఒక చిన్న కాలేజీ వాళ్ళు తమ అమ్మాయిల జట్టులో గోల్‌కీపర్లకి నేర్పించడానికి రమ్మన్నారు. వీసా సంగతి వాళ్ళే చూసుకున్నారు. అన్నీ కుదిరి ఆమె బయల్దేరేసరికి చలికాలం పోయింది. ఆ ఉదయం లీల పులిహోర డబ్బా కట్టి ఇచ్చింది. గోపీనాథ్ వాకిట్లో నిలబడి ఏదో చెప్పబోయాడు. దేదీప్య కారు ఇంజను ఆపేసి, తలుపు తీసి పెట్టుకుని కూర్చుంది.

"నెమ్మదిగా," అన్నాడాయన, "పో."

"సరే అంకుల్."

మధ్యాహ్నానికి ఆమె మిసిసిప్పీ వంతెన దాటింది. అవతలి గట్టున ఎత్తు మీద కారు ఆపి దిగింది. నది ఊహించినంత వెడల్పుగానే ఉంది. ఊహించిన దానికన్నా నిదానంగా ఉంది. కింద ఒక పొడవాటి సరుకు పడవల వరస, చివరన ఒక చిన్న ఓడ తోస్తుంటే, కదులుతోందో లేదో తెలియనట్టు కదులుతోంది. గాలిలో బురద వాసన, తడిసిన ఆకుల వాసన. పడవలన్నీ వంపు తిరిగి కనిపించకుండా పోయేదాకా దేదీప్య పులిహోర తింటూ అక్కడే నిలబడింది. తర్వాత చేతులు కడుక్కుని, పడమటి వైపు కారు నడిపింది.